కాగితం మీద లేచిన మేడలు: పిరనేసి, బూలే, లెక్యూ

కట్టడాల చరిత్ర అనగానే మనకు గుళ్ళు, కోటలు, రాజమహళ్ళు గుర్తొస్తాయి. ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పబోయేవి కూడా కట్టడాలే. అయితే వీటికి ఒక్క ఇటుక కూడా పేర్చలేదు. సుద్దతో, సిరాతో కాగితం మీద గీశారు, అక్కడితో ఆగిపోయాయి.

మన దగ్గర ఇల్లు మొదలుపెట్టేముందు ముగ్గు పోస్తారు కదా. స్థలం చదును చేసి, తాళ్ళు లాగి, నేలమీద గీతలు పోస్తారు. ఇంటాయన ఆ గీతల మధ్య నిలబడి, ఇదిగో ఇక్కడ వంటిల్లు, ఇక్కడ మెట్లు, ఇది పిల్లల గది అని చుట్టాలకు చూపిస్తాడు. అప్పటికి ఇల్లు ఎక్కడుంది? ఆయన బుర్రలో ఉంది. డబ్బు సర్దుబాటు అయితే ఇల్లు లేస్తుంది. కాకపోతే ఒక పెద్ద వానకి ముగ్గు కొట్టుకుపోతుంది. అలా కొట్టుకుపోయిన ఇంటి గురించి ఎవరూ చరిత్ర రాయరు.

పద్దెనిమిదో శతాబ్దంలో ఇటలీలో, ఫ్రాన్స్‌లో కొంతమంది ఆర్కిటెక్టులు అలాంటి ముగ్గు కాగితం మీద పోశారు. కాబట్టి అది కొట్టుకుపోలేదు. వాళ్ళలో ముగ్గురి సంగతి ఇవాళ చెప్తాను. ఎక్కువసేపు పిరనేసి దగ్గరే ఉంటాం. ఈ ముగ్గురి గురించి చదువుతున్నప్పుడల్లా నాకు ఒకే ప్రశ్న వస్తుంది. డబ్బు పెట్టేవాడు దొరకని ఆర్కిటెక్టు ఓడిపోయినట్టేనా? చివర్లో మళ్ళీ అక్కడికి వద్దాం.

ముందు సామాన్ల సంగతి చూద్దాం. ఇక్కడ సుద్ద అంటే బడిలో బోర్డు మీద రాసే సుద్దముక్క కాదు. భూమిలోంచి తవ్వి తీసిన రాయి. నల్లసుద్ద అంటే బొగ్గు పాలు కలిసిన మెత్తటి పలకరాయి. ఎర్రసుద్ద అంటే మన జేగురు రాయి లాంటిదే, ఇనుము వల్ల వచ్చిన ఎరుపు. దాన్ని సన్నని కడ్డీలుగా కోసి, పట్టుకునే గొట్టంలో బిగించి గీసేవాళ్ళు. సుద్దకి ఒక గుణం ఉంది. తేలిగ్గా గీయొచ్చు, తప్పు అనిపిస్తే చాలావరకు తుడిచేయొచ్చు. అందుకే మొదటి ఆలోచన సుద్దతో పడేది.

దాని మీద సిరా. అప్పట్లో రాతకీ బొమ్మకీ బాగా వాడిన సిరాని మాచికాయలు, అన్నభేది కలిపి చేసేవాళ్ళు. రాసినప్పుడు నల్లగా ఉండి, ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది. కట్టెల పొయ్యి మసితో చేసే గోధుమరంగు సిరా ఇంకొకటి. బాతు ఈక కలంతో గీత గీసి, అదే సిరాని నీళ్ళతో పలచన చేసి, కుంచెతో నీడలు పూసేవాళ్ళు. సిరా పడ్డాక వెనక్కి తీసుకోలేం. కాబట్టి ఇలాంటి బొమ్మని దగ్గరగా చూస్తే రెండు పొరలు కనిపిస్తాయి. కింద సుద్దలో తడుముకోవడం, పైన సిరాలో తేల్చుకోవడం. ఒక మనిషి ఎక్కడ తటపటాయించాడో, ఎక్కడ నిర్ణయించుకున్నాడో తెలుస్తుంది. పూర్తయిన భవనం చూస్తే ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఊహలో కట్టడాలు గీయడం అప్పటికే ఒక వృత్తి. నాటకాల కోసం, ఒపేరాల కోసం. ఇటలీలో బిబియేనా కుటుంబం తరతరాలుగా యూరప్ రాజుల దగ్గర రంగస్థలం తెరలు, సెట్లు తయారుచేసింది. ఆ కుటుంబంలో ఫెర్డినాండో అనే ఆయన 1711లో అచ్చువేసిన పుస్తకంలో ఒక పద్ధతి వివరించాడు. అంతకుముందు సెట్టు అంటే ప్రేక్షకుడికి ఎదురుగా, నడిమధ్యలోంచి లోపలికి పోయే ఒకే వీధి. ఈయన కట్టడాన్ని మూలగా తిప్పి పెట్టాడు. అప్పుడు గదులు, స్తంభాలు కుడికీ ఎడమకీ రెండువైపులా సాగిపోతాయి, ఎక్కడ ముగుస్తాయో ప్రేక్షకుడికి కనపడదు. చిన్న వేదిక మీద అంతులేని రాజమహల్ వచ్చేస్తుంది. మన మయసభ అనుకోండి, అయితే అట్టముక్కలతో, గుడ్డలతో. ఈ మూల చూపు సంగతి గుర్తుపెట్టుకోండి, ఇప్పుడే పనికొస్తుంది.

ఇక జొవాన్ని బత్తిస్తా పిరనేసి. 1720లో వెనిస్ రాజ్యంలో మోల్యానో అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి రాతి పనివాడు. మేనమామ వెనిస్ నీటి వ్యవహారాలు చూసే శాఖలో ఇంజనీరు. అన్నయ్య సన్యాసుల మఠంలో ఉండేవాడు, పురాతన రోమ్ చరిత్ర మీద ఇష్టం ఆయన దగ్గరే కలిగిందంటారు. అంటే రాయి ఎలా కోస్తారో, గోడ ఎలా నిలబడుతుందో ఈ కుర్రాడికి ఇంట్లోనే తెలిసింది. 1740లో వెనిస్ రాయబారి బృందంతో బొమ్మలు గీసే పని మీద రోమ్ చేరాడు. అప్పటికి ఇరవై ఏళ్ళు.

రోమ్‌లో ఆ శిథిలాలు చూసి మతి పోయింది. ఇంత కట్టిన జాతి వారసుల మధ్య తనకి కూడా పెద్ద పని దొరుకుతుందని ఆశపడ్డాడు. దొరకలేదు. 1743లో, 22 ఏళ్ళ వయసులో, మొదటి పుస్తకం వేశాడు. ఊహలో కట్టిన మందిరాలు, వంతెనలు, సమాధులు, ఒక చెరసాల. ఆ పుస్తకాన్ని నికోలా జోబ్బె అనే భవన కాంట్రాక్టరుకి అంకితం ఇచ్చాడు. అందులో తన బాధ దాచుకోలేదు. ఈ రోజుల్లో పెద్ద కట్టడాల మీద ఖర్చుపెట్టే ప్రభువూ లేడు, ధనవంతుడూ లేడు, కాబట్టి నా బోటి ఆర్కిటెక్టుకి తన ఆలోచనలు బొమ్మల్లో చెప్పుకోవడం తప్ప దారి లేదు, ఇదీ ఆయన చెప్పిన దాని సారాంశం.

ఇక్కడ చరిత్ర చదివేవాళ్ళుగా మనం ఒక్క క్షణం ఆగాలి. ఆయన చెప్పింది పూర్తిగా నిజమా? అదే కాలంలో రోమ్‌లో త్రెవీ ఫౌంటెన్ పని నడుస్తోంది. సాంతా మరియా మజ్జోరె చర్చికి కొత్త ముఖద్వారం కడుతున్నారు. పని ఉంది. ఊరుకాని ఊరు నుంచి వచ్చిన, ఏమీ కట్టి చూపించని కుర్రాడికి లేదు, అంతే. ఉద్యోగానికి అనుభవం కావాలంటారు, అనుభవానికి ఉద్యోగం కావాలి. ఆ చిక్కు మనకి కొత్తేం కాదు కదా.

మరి పొట్ట గడవాలి. జుసెప్పె వాజి అనే ఆయన దగ్గర రాగిరేకు మీద బొమ్మ చెక్కే ఎచింగ్ పని నేర్చుకున్నాడు. రేకు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీస్తారు. గీసిన చోట పూత పోయి రాగి బయటపడుతుంది. రేకుని ఆమ్లంలో పెడితే ఆ గీతల్ని తినేస్తుంది. ఆ గుంటల్లో సిరా నింపి కాగితం మీద అచ్చు తీస్తారు. ఒక రేకుతో వందల కాపీలు. ఇంగ్లండ్ నుంచి, ఫ్రాన్స్ నుంచి రోమ్ చూడటానికి వచ్చే డబ్బున్నవాళ్ళు గుర్తుగా ఈ అచ్చులు కొనుక్కుపోయేవాళ్ళు. పిరనేసి మధ్యలో వెనిస్ వెళ్ళి, 1747లో రోమ్‌కే తిరిగొచ్చి, కోర్సో వీధిలో ఫ్రెంచి అకాడమీకి ఎదురుగా దుకాణం పెట్టాడు. రోమ్ దృశ్యాలు అనే వరసలో చనిపోయేదాకా 135 బొమ్మలు చేశాడు. అవి యూరప్ అంతటా వెళ్ళాయి. ఎంతగా అంటే, ఆ బొమ్మలు ముందే చూసిన గోథే, తీరా రోమ్ వచ్చి అసలు శిథిలాలు చూసి, ఇవి బొమ్మల్లో ఉన్నంత గొప్పగా లేవే అనుకున్నాడు.

ఇప్పుడు అసలు బొమ్మలకి వద్దాం. స్క్రీన్ మీద చూడండి. ఇవి కార్చెరి, అంటే చెరసాలలు. 1750 ప్రాంతంలో 14 రేకులుగా వచ్చాయి. నేను వీటిని మొదటిసారి చూసినప్పుడు ఇది ఏ ఊరి జైలో అని వెతికాను. ఏ ఊళ్ళోనూ లేదు. భారీ కమానులు, వాటి వెనక ఇంకా కమానులు, గాల్లో వేలాడే తాళ్ళు, కప్పీలు, చెక్క వంతెనలు, ఎక్కడికి పోతాయో తెలియని మెట్లు. మధ్యలో చీమల్లా మనుషులు. బిబియేనాల మూల చూపు గుర్తుందా? అదే ఇక్కడా ఉంది. తేడా ఏమిటంటే, వాళ్ళు ఆ చూపుతో రాజుకి అంతులేని మహల్ చూపించారు. పిరనేసి అదే చూపుతో అంతులేని జైలు చూపించాడు. తలుపు ఎక్కడుందో కనపడదు. నిజానికి గోడలు కూడా సరిగ్గా కనపడవు, అయినా బయటికి పోలేమని మాత్రం తెలుస్తుంది.

మొదట వీటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1761లో పిరనేసి అవే రేకుల్ని మళ్ళీ తీసి, ఇంకా లోతుగా గీసి, నీడలు ముదర పెట్టి, కొత్త మెట్లు, యంత్రాలు చేర్చి, ఇంకో రెండు రేకులు కలిపి మొత్తం 16 వేశాడు. ఈ రెండో అచ్చులో కొన్ని చోట్ల లెక్క కుదరదు. ముందున్న స్తంభం వెనకున్న కమానుకి ఆనుతుంది. వేలుపెట్టి మెట్ల వెంట పోతూ ఉంటే ఒక చోట మనం ఏ అంతస్తులో ఉన్నామో తప్పిపోతాం. రాతి పనివాడి కొడుక్కి ఇది తప్పని తెలియక కాదు. తెలిసే చేశాడు. కాగితం మీద మాత్రమే నిలబడే కట్టడం అది.

దీనికి ఒక తమాషా కొసరు ఉంది. ఇంగ్లీషు రచయిత డి క్విన్సీ, 1821లో తన నల్లమందు అనుభవాలు రాస్తూ, ఈ బొమ్మల్ని వర్ణించాడు. మెట్ల మీద పిరనేసి తానే ఎక్కుతుంటాడు, మెట్లు అయిపోతాయి, ముందు అగాధం, కన్నెత్తి చూస్తే పైన ఇంకో మెట్ల వరస, దాని మీద మళ్ళీ ఆయనే. అద్భుతమైన వర్ణన. చిక్కేమిటంటే, డి క్విన్సీ ఆ బొమ్మలు అసలు చూడలేదు. కవి కోల్‌రిడ్జ్ నోటివెంట విన్నదే రాశాడు. ఆ వర్ణనకి సరిపోయే బొమ్మ కార్చెరిలో లేదు. కట్టని కట్టడం మీద, చూడనివాడు రాసిన వర్ణన అది. అయినా చాలామంది సాహిత్యం వాళ్ళకి పిరనేసి పరిచయమైంది ఈ మాటలతోనే.

ఇక ఆయన సుద్ద, సిరా చిత్తులు. న్యూయార్క్ మోర్గాన్ లైబ్రరీలో వందకి పైగా ఉన్నాయి. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో కూడా మంచి సంఖ్యలో ఉన్నాయి. నల్లసుద్దతోనో ఎర్రసుద్దతోనో నాలుగు గీతలు, వాటి మీద కోపంగా గీసినట్టుండే సిరా, ఆ పైన కుంచెతో నీడ. కాగితం దండగ చేసేవాడు కాదు, పాడైన అచ్చుల వెనకవైపు కూడా గీసేవాడు. ఆయన స్నేహితుడు హ్యూబర్ రాబర్ట్ అని ఒక ఫ్రెంచి చిత్రకారుడు, ఎర్రసుద్దలో శిథిలాలు గీయడంలో దిట్ట. ఇద్దరూ కలిసి బొమ్మలు గీయడానికి వెళ్ళేవాళ్ళు. ఇంత కంగాళీ గీతలతో నువ్వు అంత వివరంగా ఉండే రేకు ఎలా చేస్తావయ్యా అని రాబర్ట్ అడిగితే, బొమ్మ కాగితం మీద లేదు, నా తలలో పూర్తిగా ఉంది, రేకు మీద చూద్దువుగాని అన్నాడని లెగ్రాండ్ అనే జీవితచరిత్రకారుడు రాశాడు. చిత్తు పూర్తిగా గీసేస్తే రేకు దానికి నకలు మాత్రమే అవుతుందని ఆయన భయం.

పోషకుల కోసం ఎదురుచూపు మాత్రం ఆగలేదు. 1756లో పురాతన రోమ్ మీద నాలుగు పెద్ద సంపుటాలు వేశాడు. చార్ల్‌మాంట్ అనే ఐరిష్ ప్రభువు డబ్బు ఇస్తానని, తర్వాత పట్టించుకోలేదు. పిరనేసి ఏం చేశాడంటే, ముఖపత్రం రేకు మీద ఆ ప్రభువు పేరు చెరిపేసి, తమ మధ్య నడిచిన ఉత్తరాల గొడవనంతా 1757లో అచ్చువేసి పంచిపెట్టాడు. అంత రోషం.

చివరికి అవకాశం వచ్చింది. వెనిస్ వాడైన పదమూడో క్లెమెంట్ పోప్ అయ్యాడు. ఆయన కుటుంబం, రెజ్జోనికోలు, తమ ఊరివాడిని ఆదరించారు. రోమ్ ప్రధాన చర్చి అయిన లాటరన్‌లో పూజావేదిక భాగాన్ని కొత్తగా కట్టడానికి నమూనాలు గీయమన్నారు. పిరనేసి పెద్ద పెద్ద కాగితాల మీద, సిరాతో, పూతలతో రకరకాలుగా గీశాడు. వాటిలో 23 ఇప్పుడు కొలంబియా యూనివర్సిటీ ఎవరీ లైబ్రరీలో ఉన్నాయి. కట్టడం మాత్రం జరగలేదు. ఆయన నిజంగా కట్టింది ఒక్కటే. అవెంటైన్ కొండ మీద మాల్టా వీరుల సంఘానికి చెందిన చిన్న చర్చి, దాని ముందున్న చౌకు. 1764 నుంచి 1766 దాకా పని. లోపల వేదికకి ముందు వైపంతా శిల్పాలు, నగిషీలు. వెనక్కి వెళ్ళి చూస్తే నున్నటి ఒట్టి గోళం. ఏ అలంకారమూ లేదు. పండితులు దాన్ని చూసి ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. 1778లో పిరనేసి చనిపోతే, చివరికి ఆ చర్చిలోనే సమాధి చేశారు.

ఇప్పుడు ఫ్రాన్స్ వెళ్దాం, తొందరగా రెండు జీవితాలు. ఎటియెన్ లూయీ బూలే, 1728లో పుట్టాడు. పారిస్‌లో కొందరు ధనవంతులకి ఇళ్ళు కట్టాడు. మనసు మాత్రం వేరే చోట ఉంది. 1784లో న్యూటన్ కోసం ఒక స్మారకం గీశాడు. స్క్రీన్ మీద చూడండి. సిరా, పలచటి పూతలు. దాదాపు 150 మీటర్ల ఎత్తున ఒక గోళం. చుట్టూ చెట్ల వరసలు, కింద కనపడీ కనపడని మనుషులు. గోళం పై సగంలో సన్నని కన్నాలు. పగలు లోపలికి వెళితే ఆ కన్నాల్లోంచి వెలుగు నక్షత్రాల్లా కనిపిస్తుంది. రాత్రి లోపల ఒక దీపం వేలాడి పగలు చేస్తుంది. లోపల ఇంకేమీ లేదు, ఒక్క సమాధి తప్ప. పురాతన రోమ్ పాంథియన్ గుమ్మటం వ్యాసం 43 మీటర్లు. ఆ రోజుల్లో రాయితో ఇంతకు మూడింతల గోళం కట్టడం ఎవరి తరమూ కాదు. బూలేకి కూడా తెలుసు. ఆయన పాఠాలు చెప్పాడు. శిష్యుల్లో షాల్‌గ్రాఁ తర్వాత పారిస్ విజయతోరణానికి నమూనా వేశాడు. అంటే బూలే ఆలోచనల పరిమాణం శిష్యుల చేతుల మీదుగా రాతిలోకి వచ్చిందని చెప్పుకోవచ్చు. 1799లో చనిపోయేటప్పుడు బొమ్మలు, రాతలు దేశానికి రాసిచ్చాడు. ఆయన రాసిన వ్యాసం అచ్చయింది 1953లో.

మూడో ఆయన కథ నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది. జాన్ జాక్ లెక్యూ. 1757లో రువాన్‌లో పుట్టాడు. పేదింటి ప్రతిభావంతుడు, పారిస్ చేరి పెద్ద ఆర్కిటెక్టుల దగ్గర పని చేశాడు. పైకి వస్తున్న సమయానికి విప్లవం వచ్చి పడింది. ఇళ్ళు కట్టించుకునే దొరలు దేశం విడిచి పారిపోయారు. లెక్యూ ప్రభుత్వ ఆఫీసుల్లో బొమ్మలు, మ్యాపులు గీసే చిన్న ఉద్యోగంలో చేరాడు. పగలు ఆఫీసు. మిగతా సమయంలో తన కట్టడాలు. పెద్ద ఆవు ఆకారంలో ఒక పశువుల కొట్టం గీశాడు. పొంతన లేని దేశాల గుళ్ళని ఒకే తోటలో కలిపి గీశాడు. ప్రజలకి జయం అన్నట్టు ఒక భారీ నగరద్వారం గీసి, కాగితం వెనక మాత్రం, ఇది గిలటిన్ నుంచి తల కాపాడుకోవడానికి గీసిందని రాసుకున్నాడు. బొమ్మ ముందు వైపు ఒక మాట, వెనక వైపు ఇంకో మాట. ఆ కాలం మొత్తం ఆ ఒక్క కాగితంలో ఉంది.

ఉద్యోగం పోయాక ఆ బొమ్మలు అమ్ముకుందామని ప్రయత్నించాడు. కొన్నవాడు లేడు. 1825లో దాదాపు ఎనిమిది వందల బొమ్మలు రాజ గ్రంథాలయానికి ఊరికే ఇచ్చేశాడు. మరుసటి సంవత్సరం పేదరికంలో పోయాడు. ఆ కాగితాలు వందేళ్ళకి పైగా అలాగే పడి ఉన్నాయి. 2018లో పారిస్‌లో ఆయన బొమ్మలతో పెద్ద ప్రదర్శన పెడితే జనం వెళ్ళి చూశారు.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్న. వీళ్ళు ఓడిపోయారా? భవనాలు కూలిపోతాయి, కాగితం మిగిలింది, కాబట్టి గెలిచారు అని చెప్పడం తేలిక. నాకు ఆ మాట అనబుద్ధి కాదు. పిరనేసి పుస్తకాల మీద తన పేరు పక్కన వెనిస్ ఆర్కిటెక్టు అని వేసుకునేవాడు. చిత్రకారుడినని ఎక్కడా సర్దుకోలేదు. ఆయనకి కట్టాలనే ఉంది. లెక్యూకి ఆ ప్రదర్శన గురించి ఎప్పటికీ తెలియదు. వాళ్ళకి జరిగిన నష్టం నష్టమే.

అయితే చరిత్ర చదివే మనకి మాత్రం ఆ బొమ్మలు లేకపోతే సగమే తెలుస్తుంది. కట్టినవి చూస్తే ఆ కాలంలో ఎవరి దగ్గర డబ్బుందో తెలుస్తుంది. కట్టనివి కూడా చూస్తేనే ఆ కాలం ఏం ఆలోచించిందో, దేనికి భయపడిందో, ఏమి కోరుకుందో తెలుస్తుంది. కార్చెరి చూడకుండా ఆ శతాబ్దపు భయం నాకు అర్థమయ్యేది కాదు. న్యూటన్ గోళం చూడకుండా సైన్స్ మీద వాళ్ళకున్న భక్తి అంత బాగా తెలిసేది కాదు.

ఇంకో మాట. ఇవన్నీ మనదాకా వచ్చాయంటే ఎవరో ఒకరు దాచబట్టే. పిరనేసి రాగిరేకులు రోమ్‌లో ప్రభుత్వ సంస్థలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. లెక్యూ బొమ్మలు ఊరికే ఇస్తానంటే ఆ గ్రంథాలయం వద్దు అనలేదు. అంత చిన్న పని వల్ల ఒక మనిషి మిగిలాడు. మీ ఇంట్లో తాతగారు గీయించిన ఇంటి ప్లానో, పెద్దమేస్త్రీ నోటుబుక్కులో గీసిన గుడి గోపురం చిత్తో, కట్టకుండా ఆగిపోయినదైనా సరే, ఉంటే పాత పేపర్లవాడికి తూకానికి వేయకండి. కనీసం ఒక ఫోటో తీసి, ఎవరు గీశారో, ఏ సంవత్సరమో, ఎందుకు ఆగిపోయిందో కింద రాసి పెట్టండి.

ఎప్పుడైనా రోమ్ వెళితే అవెంటైన్ కొండ ఎక్కండి. పిరనేసి చౌకులో మాల్టా వీరుల గేటు దగ్గర జనం వరసలో నిలబడి, తాళంచెవి కన్నంలోంచి ఒక్కొక్కరే తొంగి చూస్తుంటారు. దూరంగా సెయింట్ పీటర్స్ గుమ్మటం కనిపిస్తుంది. దాన్ని చూసి అందరూ వెళ్ళిపోతారు. మీరు మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి ఆ చౌకు గోడల వంక చూడండి. కాగితం మీద ఎన్నో ఊళ్ళు కట్టిన మనిషి, నేలమీద కట్టింది ఆ కొంచెమే.